కడపకు విమానం మూడుసార్లు ఎందుకు రావాల్సి వచ్చింది?

2017 ఏప్రిల్ 27న సిమ్లాలో ప్రధాని నరేంద్ర మోదీ ఢిల్లీ విమానానికి జెండా ఊపారు. అదే రోజు, అదే వేదిక నుంచి కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులను కూడా ప్రారంభించారు. హవాయి చెప్పులు వేసుకునే మనిషి కూడా విమానంలో కనిపించాలన్నది ఆయన ఆ రోజు చెప్పిన మాట. చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపే ఉడాన్ పథకం అలా మొదలైంది. దేశం మొత్తంలో తొలి రోజు ఎగిరిన మూడు రూట్లలో ఒకటి కడపది.

కానీ కడపకు విమానం రావడం అది మొదటిసారి కాదు. 2015 జూన్‌లో కొత్త టెర్మినల్ ప్రారంభించిన రోజే ఎయిర్ పెగాసస్ అనే చిన్న కంపెనీ బెంగళూరు నుంచి విమానం నడిపింది. ఏడాది తిరిగేసరికి, 2016 జులైలో ఆ కంపెనీయే ఆగిపోయింది. తర్వాత ఉడాన్ కింద ట్రూజెట్ వచ్చింది. కోవిడ్ దెబ్బ, డబ్బు కొరత కలిసి 2022 మొదట్లో అదీ మూతపడింది. మూడోసారి రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి సాయం చేస్తానని ఒప్పుకున్నాక ఇండిగో వచ్చింది. రన్‌వే అదే, టెర్మినల్ అదే, ఊరూ అదే. ఏడేళ్లలో మూడుసార్లు కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది.

మన పౌర విమానయాన విధానాన్ని సమీక్షించాలంటే ఢిల్లీ ఫైళ్ల కన్నా ముందు కడపను చూడాలని నా అభిప్రాయం. ఆ విధానంలో ఏది పనిచేసిందో, ఏది చేయలేదో అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2016 జూన్ 15న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ పౌర విమానయాన విధానం. అప్పుడు ఆ శాఖ మంత్రి విజయనగరానికి చెందిన పూసపాటి అశోక్ గజపతిరాజు. 2024 జూన్ నుంచి అదే కుర్చీలో శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఉన్నారు. పక్కపక్క జిల్లాల నాయకులు ఒకరు ఈ విధానం రాయించగా, పదేళ్ల తర్వాత దాన్ని సరిదిద్దాల్సిన బాధ్యత ఇంకొకరి మీద పడింది.

విధానం తనకు తానే గడువులు పెట్టుకుంది. 2022 నాటికి దేశీయ టికెట్లు ఏడాదికి 30 కోట్లు, 2027 నాటికి 50 కోట్లు కావాలని రాసుకుంది. వాస్తవంలో 2024లో దేశీయ ప్రయాణికులు 16 కోట్ల పైచిలుకు. కోవిడ్ వల్ల రెండేళ్లు పోయిన మాట నిజమే. 2020లో రెండు నెలల పాటు దేశంలో ప్రయాణికుల విమానాలు పూర్తిగా ఆగిపోయాయి. అయినా 30 కోట్లకూ 16 కోట్లకూ మధ్య ఉన్న దూరం కోవిడ్ ఒక్కదాని వల్ల వచ్చింది కాదు. మరోవైపు విమానాశ్రయాలు మాత్రం 2014లో 74 ఉంటే 2024కు 150 దాటాయి. అంటే కట్టడం జరిగింది. ఎగరడం ఆ వేగంతో జరగలేదు.

ఎందుకు జరగలేదో తెలియాలంటే ఉడాన్ లోపలి లెక్క తెలియాలి. విధానంలో సామాన్యుడికి నేరుగా తగిలే భాగం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

పథకం మొదలైనప్పుడు పెట్టిన నిబంధన ప్రకారం గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, సగం సీట్లను 2,500 రూపాయల పరిమితి లోపల అమ్మాలి. మిగతా సగం కంపెనీ ఇష్టం. తక్కువకు అమ్మినందుకు వచ్చే లోటును ప్రభుత్వం పూడుస్తుంది. దీన్నే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు. మామూలు మాటల్లో లోటు భర్తీ. అందులో రాష్ట్రం వాటా 20 శాతం, ఈశాన్య రాష్ట్రాలకైతే 10 శాతం. మిగతాది కేంద్రం పెట్టిన నిధి నుంచి వస్తుంది. ఆ నిధి కోసం పెద్ద రూట్లలో ఎగిరే ప్రతి విమానం మీద పన్నులాంటి రుసుము వేశారు. హైదరాబాద్–ఢిల్లీ టికెట్ కొన్నవాళ్లు కడప టికెట్‌లో కొంత భరించినట్టన్నమాట. ఇందులో తప్పేమీ లేదు. ఆర్టీసీ కూడా లాభం వచ్చే రూట్ల డబ్బుతోనే పల్లెవెలుగు బస్సులను నడుపుతుంది.

చిక్కు ఎక్కడో ఒక ఊహాలెక్కతో చూద్దాం. 72 సీట్ల ఏటీఆర్ విమానం ఒక గంట ఎగరడానికి అన్నీ కలిపి 3 లక్షలు అవుతుందనుకుందాం. 36 సీట్లు 2,500 చొప్పున అమ్మితే 90 వేలు. మిగతా 36 సీట్లు 4,500 చొప్పున అన్నీ అమ్ముడైతే 1 లక్షా 62 వేలు. మొత్తం 2 లక్షల 52 వేలు. లోటు 48 వేలు, అది ప్రభుత్వం ఇస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ రెండో సగంలో 10 సీట్లు ఖాళీగా పోతే ఇంకో 45 వేలు గల్లంతు. దాన్ని ఎవరూ ఇవ్వరు. చిన్న ఊళ్లలో సోమవారం పొద్దున విమానం నిండుతుంది, బుధవారం మధ్యాహ్నం సగం ఖాళీ. కడప నుంచి హైదరాబాద్‌కు రాత్రి స్లీపర్ బస్సెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు, అదీ విమానం టికెట్‌లో కొంత డబ్బుకే. విమానం పోటీ పడేది ఇంకో విమానంతో కాదు, ఆ బస్సుతో.

దీనికి తోడు రూటు ఇచ్చిన పద్ధతి. సీటుకు ఎవరు తక్కువ సాయం అడిగితే రూటు వాళ్లది, మూడేళ్ల పాటు వేరెవరూ ఆ రూటులోకి రాకూడదు. వినడానికి పొదుపుగా ఉంది. కానీ దాని వల్ల విమానాలు సరిగా లేని కంపెనీలు కూడా తక్కువకు పాడి రూట్లు పట్టుకున్నాయి. మొదటి విడతలో 128 రూట్లు ఇస్తే, ఎయిర్ ఒడిశాకు 50, ఎయిర్ డెక్కన్‌కు 34 దక్కాయి. అంటే మూడింట రెండు వంతుల రూట్లు రెండు చిన్న కంపెనీల చేతిలో పడ్డాయి. వాటిలో చాలావరకు నడవనే లేదు, నడిచినవి నిలవలేదు. వాళ్లు నడపకపోయినా ఆ రూటు కొంతకాలం వాళ్ల పేరు మీదే ఉండిపోయింది. పొలం కౌలుకు తీసుకుని దున్నకుండా వదిలేసిన వాడి వల్ల పక్కన నిజంగా సాగు చేసేవాడికి దొరకని పరిస్థితి అది.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ఈ కథను అంకెల్లో చెప్పింది. మొదటి మూడు విడతల్లో ఇచ్చిన రూట్లు 774. వాటిలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తి చేసుకున్నవి 112. గడువు తర్వాత కూడా, సాయం లేకుండా, 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. మొత్తంలో 7 శాతం.

ఈ 7 శాతం అంకెను పట్టుకుని ఉడాన్ దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నడిచినన్నాళ్లు ఆ విమానాల్లో ఎక్కినవాళ్లలో ఎందరికో అదే మొదటి ప్రయాణం. హైదరాబాద్ ఆస్పత్రికి చూపించుకోవడానికి వెళ్లే గుండెజబ్బు మనిషికి ఎనిమిది తొమ్మిది గంటల రోడ్డు ప్రయాణానికీ, గంట విమానానికీ ఉన్న తేడా డబ్బుతో కొలిచేది కాదు. తప్పు సాయం చేయడంలో లేదు. మూడేళ్లలో ప్రతి రూటూ తన కాళ్ల మీద తాను నిలబడుతుందని అనుకోవడంలో ఉంది. కొన్ని రూట్లు నిలబడతాయి. కొన్ని ఎప్పటికీ నిలబడవు, అయినా అవి కావాలి. ఈ రెండు రకాలనూ విడదీసి చూడకుండా అందరికీ ఒకే గడువు పెట్టడమే 2016 విధానంలోని అసలు లోపం. కడపలో మూడోసారి రాష్ట్రం తన డబ్బు పెట్టాల్సి వచ్చిందంటే, ఆ లోటు ఎక్కడికీ పోలేదని, కేంద్రం జేబు నుంచి రాష్ట్రం జేబుకు మారిందని అర్థం.

2025–26 బడ్జెట్‌లో కేంద్రం సవరించిన ఉడాన్ ప్రకటించింది. పదేళ్లలో 120 కొత్త గమ్యస్థానాలు, 4 కోట్ల మంది ప్రయాణికులు లక్ష్యం. సంతోషమే. కానీ ఎన్ని కొత్తవి కలుపుతామన్న అంకెతో పాటు, ఇప్పటికే కలిపినవాటిలో ఎన్ని ఐదో ఏడు కూడా నడుస్తున్నాయన్న అంకె కూడా ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. నేను వెతికేది ఆ రెండో అంకెనే.

రెండో చిక్కు ఇంధనం. మన దగ్గర విమానం నడిపే ఖర్చులో దాదాపు 40 శాతం ఇంధనానిదే. పెట్రోలు, డీజిల్ లాగే విమాన ఇంధనం కూడా జీఎస్టీ బయట ఉంది. కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది, దానిపైన ప్రతి రాష్ట్రం తన ఇష్టం వచ్చినట్టు వ్యాట్ వేసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1 శాతం, పక్కనే ఉన్న తమిళనాడులో 29 శాతం. ఉడాన్ విమానాశ్రయాల్లో మాత్రం వ్యాట్ 1 శాతం మించకూడదని షరతు. అయితే విమానం ఒక చిన్న ఊరి నుంచి మరో చిన్న ఊరికే తిరగదు కదా. పెద్ద నగరంలో దిగి అక్కడ ఇంధనం నింపుకుంటే అక్కడి పన్నే కట్టాలి. పైగా జీఎస్టీ లేకపోవడం వల్ల కంపెనీ కట్టిన ఈ పన్ను టికెట్ మీది జీఎస్టీలో తగ్గదు. పన్ను మీద పన్ను పడి చివరికి ప్రయాణికుడి నెత్తికే వస్తుంది. 2024 డిసెంబర్‌లో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో దీన్ని జీఎస్టీలోకి తెచ్చే ప్రతిపాదనకు రాష్ట్రాలు ఒప్పుకోలేదు. రాష్ట్రాల బాధ అర్థం చేసుకోవాల్సిందే, వాటి చేతిలో మిగిలిన సొంత పన్నులు బహు కొద్ది. కానీ విమానాశ్రయం కావాలని ఢిల్లీకి వినతిపత్రాలు పట్టుకెళ్లే రాష్ట్రమే ఇంధనం మీద 20, 25 శాతం పన్ను వేస్తుంటే ఆ రెండు పనులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇక విమానాలు నడిపేదెవరు? ఇక్కడ విధానం అనుకున్నది ఒకటి, అయింది ఇంకొకటి. 2004 నుంచి 5/20 నిబంధన అని ఒకటుండేది. ఐదేళ్లు దేశంలో నడిపి, 20 విమానాలుంటే తప్ప విదేశాలకు ఎగరకూడదు. కొత్తవాళ్లు రాకుండా పాతవాళ్లకు రక్షణగా నిలిచిన గోడ అది. 2016 విధానం ఐదేళ్ల షరతు తీసేసింది. 20 విమానాలు లేదా మొత్తం సామర్థ్యంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అన్ని విమానాలను దేశంలో నడిపితే చాలంది. ఇది మంచి నిర్ణయం. 2022 ఆగస్టులో మొదలైన ఆకాశ ఎయిర్ 2024 మార్చికల్లా దోహాకు ఎగరగలిగింది. పాత నిబంధనే ఉంటే 2027 దాకా ఆగాల్సి వచ్చేది.

కానీ తలుపు తెరిచినంత మాత్రాన లోపలికొచ్చినవాళ్లు నిలబడరు. ఆ నిబంధన తీసేయాలని గట్టిగా అడిగిన విస్తారా, ఎయిర్ ఏషియా ఇండియా రెండూ 2024లో ఎయిర్ ఇండియా కుటుంబంలో కలిసిపోయాయి. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ మూతపడ్డాయి. చివరికి ఇండిగో ఒక్కటే ప్రతి 100 మంది దేశీయ ప్రయాణికుల్లో 60 మందికి పైగా మోసుకెళ్తోంది. దానితో ఎయిర్ ఇండియా గ్రూపును కలిపితే 90కి కాస్త అటూ ఇటూ.

దీని ప్రమాదం 2025 డిసెంబర్‌లో అందరికీ తెలిసొచ్చింది. పైలట్ల అలసట తగ్గించడానికి, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ కొత్త విశ్రాంతి నిబంధనలు తెచ్చింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు. ఇవి 2024 జనవరిలోనే ప్రకటించినవి. కంపెనీల అభ్యంతరాలతో వాయిదా పడి, కోర్టు దాకా వెళ్లి, రెండు విడతలుగా 2025 జులైలో, నవంబర్ 1న అమల్లోకొచ్చాయి. దాదాపు రెండేళ్ల సమయం ఉంది. అయినా డిసెంబర్ మొదటి వారంలో ఇండిగోకు సరిపడా పైలట్లు లేక వేల విమానాలు రద్దయ్యాయి. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా. శంషాబాద్‌లో పెళ్లిళ్లకు, పరీక్షలకు, ఆస్పత్రులకు బయల్దేరిన వాళ్లు నేల మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. మిగతా కంపెనీల టికెట్ల ధరలు ఆకాశానికి ఎక్కడంతో ప్రభుత్వం 500 కిలోమీటర్ల లోపు 7,500, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000 రూపాయలు అని పరిమితి పెట్టాల్సి వచ్చింది.

చివరికి ఏం జరిగిందంటే, రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఇండిగోకు తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. తర్వాత దాని షెడ్యూల్‌లో 10 శాతం కోత పెట్టారు, విచారణ జరిపారు. కానీ ముందు వెనక్కి తగ్గింది భద్రతా నిబంధన. ఇది చాలా బాధాకరమైన విషయం. ఒక కంపెనీ ఆగితే దేశమే ఆగిపోయే పరిస్థితిలో ఎంత నిజాయితీ గల అధికారైనా ఏం చేయగలడు? అందుకే పోటీ అంటే చౌక టికెట్ల వ్యవహారం మాత్రమే కాదు, భద్రత వ్యవహారం కూడా. ఢిల్లీ, ముంబై లాంటి రద్దీ విమానాశ్రయాల్లో స్లాట్లు, అంటే విమానం దిగే, లేచే సమయాలు, పాత లెక్కల ప్రకారం పాతవాళ్ల దగ్గరే ఉండిపోతున్నాయి. పొద్దున ఏడు గంటల స్లాట్ లేకుండా కొత్త కంపెనీ ఎలా బతుకుతుంది? సమీక్షలో ముందు చేయి పెట్టాల్సిన చోటు ఇది.

నియంత్రించే సంస్థ సంగతి కూడా చూడాలి. 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పిన ప్రకారం డీజీసీఏలో మంజూరైన పోస్టులు 1,063, భర్తీ అయినవి 553. అంతకు రెండు నెలల ముందే, జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలి 260 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి ఈ ఖాళీలే కారణమని నేననడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఏటా విమానాలు పెరుగుతున్న దేశంలో తనిఖీ చేసే కుర్చీల్లో సగం ఖాళీగా ఉంటే మనకు టెన్షన్ ఉండదా? మంత్రిత్వ శాఖకు దూరంగా, సొంత నిధులతో నడిచే స్వతంత్ర విమానయాన ప్రాధికార సంస్థ కోసం 2013లో ఒక బిల్లు పెట్టారు. అది మురిగిపోయింది. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియం వచ్చినా, డీజీసీఏ ఇంకా కేంద్రం చెప్పుచేతల్లోనే ఉంది.

మంచి కూడా జరిగింది. గో ఫస్ట్ మూతపడ్డప్పుడు విమానాలు అద్దెకిచ్చిన విదేశీ కంపెనీలు వాటిని వెనక్కి తీసుకోవడానికి దాదాపు ఏడాది కోర్టుల చుట్టూ తిరిగాయి. అలాంటి దేశానికి అద్దె ఎక్కువ అడుగుతారు, అది టికెట్‌లో కలుస్తుంది. అద్దెకిచ్చినవాళ్లు విమానాలను త్వరగా వెనక్కి తీసుకునే వీలిచ్చే అంతర్జాతీయ ఒప్పందం కేప్‌టౌన్‌ది; 2025లో తెచ్చిన కొత్త చట్టంతో దానికి ఇక్కడ చట్టబలం వచ్చింది. దీని ఫలితం నెమ్మదిగా కనిపిస్తుంది.

గల్ఫ్ సీట్ల గురించి ఒక్కమాట. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల కుటుంబాలకు ఇది ఇంటి విషయం. ఏ రెండు దేశాల మధ్యైనా వారానికి ఎన్ని సీట్లు నడపాలో ఒప్పందం ఉంటుంది. దుబాయ్‌తో ఇది ఒక్కో వైపుకు వారానికి దాదాపు 66 వేల సీట్లు, 2014 నుంచి పెద్దగా మారలేదు. 2016 విధానం ఢిల్లీకి 5,000 కిలోమీటర్లు దాటిన దేశాలకు, సార్క్ దేశాలకు ఆకాశం బార్లా తెరిచింది. గల్ఫ్ ఆ గీతకు లోపలే ఉంది. తెరిస్తే మన కంపెనీలు దెబ్బతింటాయని, అమెరికా, యూరప్ ప్రయాణికులను దుబాయ్ లాక్కుపోతుందని ప్రభుత్వ భయం. అందులో నిజముంది. కానీ అమెరికా వెళ్లేవాడి కోసం వేసిన కంచె వల్ల రెండేళ్లకోసారి ఇంటికొచ్చే కూలీ పండగ సీజన్‌లో రెండింతల ధర కడుతున్నాడు. ఈ ఇద్దరినీ వేరుచేసి, కార్మికులు ఎక్కువగా వెళ్లే నగరాలకు నేరుగా దిగే సీట్లు పెంచే మార్గం వెతకొచ్చు.

చివరగా వరంగల్. మామునూరులో నిజాం కాలం నాటి రన్‌వే ఉంది. 1981 దాకా విమానాలు దిగిన చోటు. శంషాబాద్ విమానాశ్రయం 2008లో తెరిచినప్పుడు, 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. వేల కోట్లు పెట్టే ప్రైవేటు సంస్థకు ఇచ్చిన భరోసా అది. ఆ ఒక్క వాక్యం తెలంగాణలో రెండో పెద్ద నగరాన్ని ఇన్నేళ్లు ఆపింది. శంషాబాద్ సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతిచ్చింది. భూసేకరణకు రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది. ఆంధ్రలో కుప్పం, దగదర్తి, పలాస కూడా వరుసలో ఉన్నాయి.

మామునూరులో భూమి ఇచ్చిన రైతును ఎవరైనా అడిగితే రన్‌వే పొడవెంతో, టెర్మినల్ ఎక్కడ వస్తుందో అధికారులు మ్యాపులో చూపిస్తారు. అక్కడ దిగే మొదటి విమానం ఏ కంపెనీది, నాలుగో ఏడు దాని లోటు ఎవరు కడతారు, ఆ కంపెనీ ఆగిపోతే ఎన్ని రోజుల్లో ఇంకొకటి వస్తుంది అన్నవి కూడా ఆ మ్యాపుతో పాటే, పునాదిరాయి వేయకముందే, రాతపూర్వకంగా చెప్పమని అడిగే హక్కు ఆ రైతుకు ఉంది.